కుక్క కరిచిన కోడిపెట్ట: ముందు పిల్ల చెయ్యి చూడండి, తరువాత కోడి గాయం



ఆస్పత్రి పత్రికలో కోడి గురించి వ్యాసం ఏమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మేము పశువుల డాక్టర్లము కాము, మనుషులకు సేవ చేసే నర్సులము. అయినా ఒక ఆదివారం సాయంకాలం మా క్యాజువాలిటీ గుమ్మంలోకి గోనె సంచిలో చుట్టిన ఒక కోడిపెట్ట వచ్చింది. దానితోపాటు వచ్చిన విషయం చాలా పెద్దది కాబట్టి ఇది రాస్తున్నాము.

ఆ కోడిని ఎత్తుకొని వచ్చింది ఎనిమిదేళ్ళ ఆడపిల్ల, వెంట వాళ్ళ నాయనమ్మ. "సిస్టరమ్మా, కుక్క పట్టింది దీన్ని. జర కట్టు కట్టుండ్రి. కోసుకొని తిందామంటే ఈ పిల్ల ఏడ్చి సస్తున్నది" అన్నది ఆ అవ్వ. పిల్లను పరుపు మీద కూర్చోబెట్టి సంచి అందుకోబోతే, పిల్ల తన కుడి చెయ్యి ఓణీ కింద దాచుకున్నది. మా సిస్టరు మెల్లగా ఆ చెయ్యి బయటకు తీసి చూసింది. మణికట్టు దగ్గర రెండు చిన్న పంటి గాట్లు, ఎండిన రక్తం. కుక్క నోటిలోనుంచి కోడిని లాగేటప్పుడు పడ్డ గాట్లు అవి. ఇంట్లో తిడతారని ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు కోడి గాయం లేకపోతే పిల్ల గాయం ఎవరూ చూసేవారు కాదు. అందుకే ఈ వ్యాసంలో మొదట పిల్లల సంగతి, తరువాత కోడి సంగతి చెబుతాము. ఈ వరుస దయచేసి మార్చకండి.

మొదటి పని: అందరి చేతులూ చూడండి

పెంపుడు కోడిని కుక్క పట్టినప్పుడు ఇంటిల్లిపాదీ పరుగెత్తుతారు. ఒకరు కర్ర తీసుకుంటారు, ఒకరు కోడిని లాగుతారు. ఆ గందరగోళంలో పన్ను తగిలినా, గోరు గీరినా తెలియదు. కోడి దక్కగానే అందరి దృష్టీ దాని మీదనే ఉంటుంది. కాబట్టి కోడిని గంప కింద పెట్టి, ముందు అక్కడున్న ప్రతి ఒక్కరి చేతులు, కాళ్ళు వెలుతురులో చూడండి. పిల్లలను తిట్టకుండా అడగండి. "ఎందుకు పోయినవు?" అని గద్దిస్తే దాచిపెడతారు. "ఎక్కడ తగిలింది బిడ్డా?" అని అడిగితే చూపిస్తారు.

చాలామంది గమనించని మాట ఇంకొకటి ఉన్నది. కుక్క పట్టిన కోడి ఈకలకు, చర్మానికి కుక్క చొంగ అంటుకొని ఉంటుంది. ఆ కోడి భయంతో తన్నుకుంటూ మన చేతిని గీరితే, లేక మన చేతికి ముందే పగుళ్ళు, పుండు ఉంటే, ఆ చొంగ మన రక్తంలోకి పోయే దారి దొరికినట్లే. కుక్క మనలను కరవలేదు కదా అని ఊరుకోకూడదు. డాక్టరుకు ఆ మాట చెప్పాలి. ఏమి చేయాలో వారు నిర్ణయిస్తారు.

పంటి గాటు గాని, గోరు గీత గాని కనబడితే:

1. వెంటనే కుళాయి కింద, లేదా చెంబుతో పోస్తూ, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకోండి. మనకు రెండు నిమిషాలే పదిహేను నిమిషాల లాగా అనిపిస్తాయి. రేబిస్ క్రిమికి చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. జిడ్డు గిన్నెను సబ్బు శుభ్రం చేసినట్లే ఆ పొరను సబ్బు కరిగిస్తుంది. పొర పోతే క్రిమి బ్రతకదు.

2. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు, కిరోసిన్, నశ్యం ఏదీ పెట్టకూడదు. ఇవి గాయాన్ని మండించి, లోపలి కండను దెబ్బ తీస్తాయే తప్ప క్రిమిని చంపవు.

3. కట్టు కట్టవద్దు. కుట్లు వేయించమని అడగవద్దు.

4. అదే రోజు ఆస్పత్రికి రావాలి. రక్తం వచ్చిన గాటు అయితే టీకాతో పాటు గాయం లోపల, చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు కూడా అవసరం. టీకా శరీరంలో బలం పుట్టించడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ లోపల కాపలా కాసేది ఈ మందు. ధనుర్వాతం ఇంజెక్షను సంగతి కూడా డాక్టరు చూస్తారు. వరంగల్‌లో ఎం.జి.ఎం. ఆస్పత్రి వంటి ప్రభుత్వ ఆస్పత్రులలో కుక్కకాటు టీకా ఉచితంగా ఇస్తారు.

చర్మంలోకి ఇచ్చే టీకా కరిచిన రోజున, 3వ రోజున, 7వ రోజున, 28వ రోజున, మొత్తం నాలుగు సార్లు వేయించుకోవాలి. మొదటి రోజును సున్నాగా లెక్కించాలి. కండకు ఇచ్చే పద్ధతి అయితే 14వ రోజున కూడా ఉంటుంది. మూడు సూదులు కాగానే "తగ్గింది కదా" అని నాలుగవది మానేసేవారిని మేము ఎందరినో చూశాము. తగ్గింది పైన కనిపించే గాయం మాత్రమే. టీకా పని అది కాదు.

"బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అనే భయం ఇంకా మన పెద్దలలో ఉన్నది. మేము నర్సింగ్ చదువుకునే రోజులలో అది నిజమే. ఆ పాత టీకా తయారీని మన దేశంలో 2004 చివరిలో ఆపివేశారు. ఇప్పుడు ఇచ్చేది జబ్బ మీద, చిన్న సూదితో. చిన్నపిల్లలకు, గర్భిణులకు కూడా ఇవ్వవచ్చు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నామంటే, రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలైతే దాదాపు ఎవరూ బ్రతకరు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ జబ్బుతో పోతున్నారని అంచనా. కుక్కకాటుకు గురయ్యేవారిలో నూటికి 40 మంది 15 ఏళ్ళలోపు పిల్లలే. మన ఊరికి కూడా ఈ బాధ కొత్త కాదు. 2023 మే నెలలో కాజీపేట రైల్వే క్వార్టర్ల దగ్గర వీధికుక్కలు మీదపడి ఒక చిన్న బాబు చనిపోయిన సంగతి మనలో ఎవరమూ మరచిపోలేదు. అది రేబిస్ కాదు, కుక్కల గుంపు దాడి. అయినా పిల్లలను కుక్కల గుంపు దగ్గరకు కోడి కోసమైనా సరే ఒంటరిగా పోనివ్వవద్దని చెప్పడానికి అది చాలు.

కోడికి కూడా రేబిస్ వస్తుందా?

ఆ నాయనమ్మ అడిగిన ప్రశ్న ఇదే. "కోడికి పిచ్చి ఏంది సిస్టరమ్మా?" అన్నది.

రేబిస్ ముఖ్యంగా పాలిచ్చి పెంచే జంతువుల జబ్బు. పక్షులకు రావడం చాలా చాలా అరుదు. కాని అసలు రాదని చెప్పలేము. కేరళలో వీధికుక్క కరిచిన ఒక పెంపుడు కోడి నెల రోజుల తరువాత చనిపోతే, దాని మెదడును పరీక్షించి రేబిస్ అని నిర్ధారించారు. మన దేశంలో కోడిలో రేబిస్ కనుగొన్న మొదటి సంఘటనగా దానిని 2015లో వైద్య పత్రికలో ప్రచురించారు. గమనించవలసిన మాట ఏమిటంటే, ఆ కోడిలో జబ్బు లక్షణాలు బయటకు కనబడలేదు. ఇటువంటి కోడిని కోసి, శుభ్రం చేసేవారి చేతులకే ప్రమాదం ఉండవచ్చని ఆ పరిశోధకులు హెచ్చరించారు.

కాబట్టి మా సలహా ఇది. కుక్క కరిచిన కోడిని "ఎట్లాగూ సచ్చేదే కదా" అని కోసి కూర వండవద్దు. బాగా ఉడికితే క్రిమి చస్తుంది, నిజమే. కాని ఉడికే ముందు కోసేది, ఈకలు పీకేది, ముక్కలు కొట్టేది చేతులతోనే. ఆ చేతికి కత్తి గాటు ఉంటే? వంటింట్లో అమ్మల చేతులు గాట్లు లేకుండా ఎప్పుడుంటాయి?

అలాగని భయపడి కోడిని పారవేయనవసరం లేదు. చేతులకు రబ్బరు తొడుగులు, అవి లేకపోతే శుభ్రమైన ప్లాస్టిక్ సంచులు తొడుక్కొని సేవ చేయండి. తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. కనీసం నెలన్నర వరకు దానిని ముద్దు పెట్టుకోవడం, ఒడిలో పడుకోబెట్టుకోవడం వద్దని పిల్లలకు చెప్పండి.

కోడికి మొదటి గంట

కోడి గాయాల కంటే ముందు భయంతో, షాక్‌తో చనిపోతుంది. పక్షులు తమ జబ్బును దాచుకుంటాయి. నీరసంగా కనబడితే ఇతర జంతువులు పట్టుకుంటాయని వాటికి పుట్టుకతోనే తెలుసు. కాబట్టి నిలబడి ఉన్నది కదా అని బాగున్నట్లు కాదు.

రక్తం కారుతుంటే: శుభ్రమైన నూలు గుడ్డను మడిచి, ఆ చోట వేలితో ఐదు నుండి పది నిమిషాలు ఒత్తి పట్టుకోండి. మధ్యలో ఎత్తి చూడవద్దు. ఎత్తితే గడ్డకట్టిన రక్తం ఊడివస్తుంది. రెండు కిలోల కోడిలో ఉండే మొత్తం రక్తం సుమారు 120 నుండి 160 మి.లీ. మాత్రమే, అంటే ఒక టీ గ్లాసుడు. మన కంటికి కొద్దిగా కనబడే రక్తం దానికి చాలా ఎక్కువ.

ఛాతీని బిగించి పట్టుకోవద్దు: మనకు ఊపిరి తీయడానికి కడుపుకు, ఛాతీకి మధ్య ఒక కండర పొర ఉన్నది. కోడికి అది లేదు. రొమ్ము ఎముక ముందుకు వెనుకకు కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. గట్టిగా అదిమి పట్టినా, ఛాతీ చుట్టూ బిగుతుగా కట్టు కట్టినా ఊపిరాడక చనిపోతుంది. రెక్కలు కొట్టుకోకుండా తువ్వాలు వదులుగా చుట్టి పట్టుకుంటే చాలు.

వెచ్చదనం, చీకటి, నిశ్శబ్దం: ఒక అట్టపెట్టెలో పాత గుడ్డ పరచి, గాలికి రంధ్రాలు పెట్టి, ఇంటి లోపల ఒక మూల ఉంచండి. కోడి ఒంటి వేడి మన కంటే ఎక్కువ, సుమారు 41 డిగ్రీలు. అందుకే మామూలు కోడిని పట్టుకుంటే చేతికి వెచ్చగా తగులుతుంది. కాళ్ళు చల్లబడి, తల మీది ఎర్రని తురాయి పాలిపోయి, కళ్ళు మూతలు పడుతుంటే షాక్‌లో ఉన్నదని అర్థం. వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టండి. వేడి ఎక్కువైతే కోడి అవతలి పక్కకు జరిగే చోటు ఉండాలి. పాత రకం బల్బు అయినా రెండడుగుల దూరంలో పెట్టవచ్చు. ఇప్పటి ఎల్.ఇ.డి. బల్బులు వెలుతురే ఇస్తాయి, వేడి ఇవ్వవు. మే నెల ఎండల్లో అయితే వేడి అవసరమే లేదు, నీడ చాలు.

నీళ్ళు: నోరు తెరిచి నీళ్ళు పోయవద్దు. కోడి నాలుక వెనుకనే ఊపిరి గొట్టం రంధ్రం ఉంటుంది. పోసిన నీళ్ళు నేరుగా ఊపిరితిత్తులలోకి పోతాయి. మెలకువగా ఉండి తల ఎత్తగలిగితే ముక్కు పక్కన వేలితో ఒక్కొక్క చుక్క తాకించండి. అదే చప్పరిస్తుంది. మన పిల్లలకు విరేచనాలప్పుడు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొడిని లీటరు నీళ్ళలో ప్యాకెట్టు చొప్పున కలిపి మొదటి రోజు ఇవ్వవచ్చు. నీళ్ళు తాగిన తరువాతనే మేత.

గాయం వెతకడం, కడగడం

కోడి కొంచెం తేరుకున్నాక, అంటే ఒక గంట తరువాత, గాయాలు వెతకండి. కుక్క పన్ను పైన సూది పోటంత రంధ్రం చేస్తుంది, లోపల కండను మాత్రం చీల్చి వదులుతుంది. ఈకలు దానిని పూర్తిగా కప్పివేస్తాయి. పైన ఒక గాయం కనబడితే, పట్టుకున్న అవతలి దవడ గాయం రెండవ పక్కన కూడా ఉంటుందని గుర్తుంచుకోండి. వీపు, రెక్కల కింద, తొడలు, తోక మొదలు, రెట్ట వేసే చోటు, అన్నీ ఈకలు ఊది, వేళ్ళతో పక్కకు తీసి చూడాలి.

కాచి చల్లార్చిన అర లీటరు నీళ్ళలో ఒక చిన్న చెంచా ఉప్పు కలిపితే గాయం కడిగే నీళ్ళు తయారవుతాయి. సూది తీసివేసిన సిరంజితో ఆ నీటిని ధారగా గాయం మీద వదిలి మట్టి, ఈకలు, చొంగ పోయేవరకు కడగండి. తరువాత పోవిడోన్ అయోడిన్ మందును లేత టీ రంగు వచ్చేవరకు నీళ్ళలో కలిపి పూయవచ్చు. గాయం చుట్టూ ఉన్న ఈకలను కత్తెరతో చిన్నవిగా కత్తిరించండి, పీకవద్దు. పీకితే చర్మం చిరుగుతుంది.

స్పిరిట్, డెట్టాల్, ఫినాయిల్, కిరోసిన్, టర్పెంటైన్ వద్దు. కోడి చర్మం కాగితమంత పలుచన. నొప్పి తెలియకుండా మొద్దుబార్చే మందులున్న మలాములు కూడా పక్షులకు విషమవుతాయి. మన ఇంట్లోని నొప్పి మాత్రలు అసలే వద్దు. డైక్లోఫినాక్ అనే నొప్పి మందు వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు పాడై లక్షలలో చనిపోయాయి. అందుకే మన దేశంలో 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. కోళ్ళకు కూడా అది హాని చేస్తుంది. మనకు మంచి చేసే మాత్ర పక్షికి మంచి చేయదు.

ఒక వింత విషయం చెప్పాలి. కోడి శరీరంలో ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులు ఉంటాయి. రెక్క మొదట్లోని ఎముకలోకి కూడా ఆ గాలి పోతుంది. కుక్క పన్ను ఆ సంచిని చీలిస్తే చర్మం కింద గాలి చేరి బుడగలాగా ఉబ్బుతుంది, నొక్కితే చిటపటమంటుంది. అది చీము కాదు, గాలి. దానిని మీరు పొడవవద్దు. గాయంలోనుంచి ఊపిరితో పాటు బుడగలు వస్తే ఆ గాయంలో నీళ్ళు కూడా పోయవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి పశువుల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.

పశువుల డాక్టరు దగ్గరకు ఎప్పుడు?

కుక్క పన్ను చర్మం లోపలికి దిగితే ఎప్పుడైనా, వీలైతే అదే రోజు. కుక్క నోటిలో ఉండే క్రిములు ఒకటి రెండు రోజులలో రక్తమంతా పాకి కోడిని చంపగలవు. చిన్న గాటే కదా అనుకున్న కోడి మూడవ రోజు ఉదయం గంప ఎత్తేసరికి చచ్చి పడి ఉండడానికి కారణం తరచుగా ఇదే. యాంటీబయాటిక్ ఏది, ఎంత, ఎన్ని రోజులు అనేది పశువుల డాక్టరే చెప్పాలి. మనుషుల మాత్రను అంచనాగా విరిచి వేయవద్దు.

చర్మం పెద్దగా చినిగి కండ కనబడినా, రెక్క వేలాడినా, కాలు విరిగినా, తాగిన నీళ్ళు మెడ కింది మేత సంచి దగ్గర బయటకు కారినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా ఆలస్యం చేయవద్దు. రాష్ట్ర పశుసంవర్ధక శాఖ ఆస్పత్రులు, మామునూరులో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వారి పశువైద్య కళాశాల మనకు దగ్గరలోనే ఉన్నాయి. పల్లెల్లో సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరు ఉన్నది. ఒక్క కోడి కోసం అడగడమేమిటని సిగ్గుపడవద్దు.

ఆ ఆదివారం మేము కోడికి చేసింది రక్తం ఆపి, పెట్టెలో పెట్టి, మరుసటి రోజు పశువుల ఆస్పత్రికి వెళ్ళమని చెప్పడం వరకే. పిల్లకు మాత్రం గాయం కడిగి, టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఆ సాయంకాలమే మొదలుపెట్టించాము.

ఇంట్లో సేవ: రోజుల వారీగా

మూడవ రోజు వరకు: కోడిని ఇంటి లోపలే, దోమతెర గాని పలుచని గుడ్డ గాని కప్పి ఉంచండి. ఈగల కోసం ఇది. ఈగ గాయం మీద గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పుడతాయి. వానాకాలంలో మరీ ఎక్కువ. రోజుకు రెండుసార్లు గాయం చూడండి, వాసన కూడా చూడండి. పురుగు కనబడితే చిమటాతో ఏరి, ఉప్పు నీళ్ళతో కడిగి, అదే రోజు డాక్టరుకు చూపండి.

మేత మెత్తగా ఉండాలి. నానబెట్టిన నూకలు, మెత్తని అన్నం, ఉడికించిన గుడ్డు చిదిపి కొంచెం కొంచెం పెట్టండి. కోడికి కోడిగుడ్డు పెట్టడమేమిటని అనుకోవద్దు. గాయం మానడానికి మనకైనా దానికైనా మాంసకృత్తులే కావాలి. రెట్ట కూడా చూడండి. ఆకుపచ్చగా జిగురుగా ఉంటే కడుపు ఖాళీగా ఉన్నదని గుర్తు.

ఏడవ రోజు వరకు: గాయం అంచులు ఎండుతూ, లేత గులాబీ రంగులోకి వస్తే మానుతున్నట్లు. చర్మం నల్లబడడం, చెడు వాసన, చీము, మేత మానడం ఉంటే మళ్ళీ డాక్టరుకు చూపాలి. గాయం చుట్టుపక్కల చర్మం ఆకుపచ్చ రంగు తేలితే మాత్రం భయపడకండి. మన దెబ్బ నీలం రంగుకు తిరిగినట్లే కోడి దెబ్బ రెండు మూడు రోజులకు పచ్చబడుతుంది.

మిగతా కోళ్ళతో అప్పుడే కలపవద్దు. ఎరుపు కనబడితే కోళ్ళు పొడుస్తాయి, తమ గుంపులోని దానినైనా విడువవు. కాని పూర్తిగా ఒంటరిగా కూడా ఉంచవద్దు. పగలు కొంతసేపు జాలీ గంప కింద, తోటి కోళ్ళకు కనబడేటట్లు పెట్టండి. లేకపోతే తిరిగి కలిపినప్పుడు కొత్త కోడి వచ్చిందని తరుముతాయి.

ఇరవై ఎనిమిదవ రోజు వరకు: గాయం పూర్తిగా పూడి, ఈకల మొలకలు కనబడ్డాక ఒక సాయంకాలం చీకటి పడేవేళ గూట్లోకి వదలండి. తెల్లవారి దెబ్బలాడుకోకుండా చూడండి. మొదలంటా ఊడిన ఈకలు కొన్ని వారాలలో తిరిగి వస్తాయి. మధ్యకు విరిగినవి, కత్తిరించినవి మాత్రం ఏడాదికొకసారి ఈకలు రాల్చే కాలం వరకు అట్లాగే ఉంటాయి. గుడ్లు కొన్ని వారాలు ఆగిపోవచ్చు. కంగారు పడవద్దు. యాంటీబయాటిక్ వాడితే ఎన్ని రోజుల వరకు గుడ్లు తినకూడదో డాక్టరును అడిగి రాసుకోండి.

ఎంత చేసినా దక్కని కోడి కూడా ఉంటుంది. పేగులు బయటపడి, వెన్ను విరిగి, ఊపిరికి కొట్టుకుంటున్న దానిని రోజుల తరబడి బాధ పెట్టడం సేవ కాదు. బాధ లేకుండా ముగించే పద్ధతి పశువుల డాక్టరు దగ్గర ఉన్నది. చనిపోయిన కోడిని కుప్పతొట్టిలో వేయవద్దు, కుక్కలు మళ్ళీ అక్కడికే వస్తాయి. లోతుగా గుంట తీసి పూడ్చండి. పిల్లలకు నిజం చెప్పి, వాళ్ళను ఏడవనివ్వండి.

మళ్ళీ జరగకుండా

వట్టి గంప మూతకు కుక్క ఆగదు, తల పెట్టి బోర్లిస్తుంది. రాత్రిళ్ళు గంప మీద బరువైన రాయి పెట్టండి. గూడు అయితే సన్నకన్నుల గట్టి ఇనుప జాలీ, లోపలికి బిగించే గొళ్ళెం ఉండాలి. కుక్కలు మట్టి తవ్వుతాయి కాబట్టి గూటి చుట్టూ అడుగు లోతున బండరాళ్ళు పాతండి. చీకటి పడక ముందే కోళ్ళను లెక్కపెట్టి మూయండి. కోడి పేగులు, ఈకలు, మిగిలిన అన్నం ఇంటి ముందు పారవేయవద్దు. కుక్కల గుంపును మన గడపకు పిలుచుకునేది మనమే. మన పెంపుడు కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించండి. కుక్క మీద రాళ్ళు వేయడం వల్ల పిల్లలే కాటుకు గురవుతారు.

కోడి మనకు చేసిన మేలు

చివరగా ఒక మాట. కుక్కకాటు టీకా కనుగొన్న లూయీ పాశ్చర్ ఆ పని మొదలుపెట్టింది కోళ్ళతోనే. 1879, 1880 సంవత్సరాలలో ఆయన కోళ్ళకు వచ్చే కలరా మీద పని చేశాడు. పాతబడి బలహీనమైన క్రిములు కోళ్ళను చంపకుండా, తరువాత వచ్చే జబ్బునుంచి కాపాడుతున్నాయని ఆ కోళ్ళ వల్లనే తెలిసింది. ఆ దారినే నడిచి 1885 జూలై 6న పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాబుకు రేబిస్ టీకా ఇచ్చాడు. బాబు బ్రతికాడు. పాశ్చర్ కన్నుమూసిన సెప్టెంబరు 28వ తేదీని ఇప్పుడు ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తున్నాము.

మా దగ్గరకు వచ్చిన పిల్ల నాలుగు సూదులూ వేయించుకున్నది. ఇంటి గోడ మీది క్యాలెండరులో 3, 7, 28 రోజులకు తనే ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టిందట. సూదికి వచ్చిన ప్రతిసారీ, తన చెయ్యి సంగతి చెప్పక ముందే కోడి ఎంత మేత తిన్నదో చెప్పేది. ఒక రెక్క వంకర పోయి, వీపు మీద ఈకలు లేకుండా ఆ కోడి ఇప్పటికీ తిరుగుతున్నది. నాయనమ్మ ఒకరోజు నాలుగు గుడ్లు కొంగున కట్టుకొని మా నర్సుల గదికి తెచ్చింది. పశువుల డాక్టరు చెప్పిన గడువు అయిపోయిందా అని మేము అడిగితే, "అయ్యి పదిరోజులాయె, నీకు తెల్వదని తెచ్చిన్నా సిస్టరమ్మా?" అని మమ్మల్నే గద్దించింది.

గుర్తుంచుకోండి

* కోడి దక్కగానే ముందు పిల్లల చేతులు చూడండి. తిట్టకుండా అడగండి.
* పంటి గాటు, గోరు గీత ఏదైనా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి రండి.
* టీకా నాలుగూ పూర్తి చేయండి: 0, 3, 7, 28.
* కుక్క కరిచిన కోడిని కోసి వండవద్దు. తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.
* కోడికి ముందు వెచ్చదనం, నిశ్శబ్దం. తరువాత నీళ్ళు. ఆ తరువాతే గాయం, మేత.
* మనుషుల మాత్రలు కోడికి వేయవద్దు. పశువుల డాక్టరును అడగండి.

మీ ఇంట్లో ఎవరినైనా కుక్క కరిచి, ఏ కారణం చేతనైనా ఇంకా టీకా మొదలుపెట్టకపోతే, ఎన్ని రోజులైనా సరే, ఈ పత్రిక పక్కన పెట్టి ఈ రోజే బయలుదేరండి. ఆలస్యమైందని మేము తిట్టము.